ముగ్గురు మగాళ్ళూ నేనే

ఉదయం ఆఫీసుకి రాగానే, గొడుగు మీది మంచు దులిపి మూలన పెట్టి, నేను వరుసగా ముగ్గురు మగాళ్ళనవుతాను. ముందు సెక్షన్ హెడ్ ఓగిసో గారిని. కంప్యూటర్లో ఆయన పేరు కొట్టి, ఆయన పాస్‌వర్డు కొట్టి, డిజైను గదిలోంచి వచ్చిన డ్రాయింగుల కింద ఆయన ముద్ర వేస్తాను. ఆయనలోంచి బయటికొచ్చి జనరల్ మేనేజరు త్సుకుడా గారిలో దూరి ఇంకో ముద్ర వేస్తాను. చివరికి మా యజమాని హిరాబయాషి గారినై, పెద్దమనిషి తొందరపడకూడదు కాబట్టి ఒకసారి గొంతు సవరించుకుని, ఆఖరి ముద్ర వేస్తాను. అప్పుడు మళ్ళీ యమగిషి సావాకోనై, ఆ ముగ్గురికీ టీ పెట్టడానికి వెళతాను. టీ పెట్టడానికి మాత్రం ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.

మాది సబాయే, కళ్ళజోళ్ళ ఊరు. కళ్ళజోడు చెవి కాడ మడతపడే చోట చీమతలంత బందు ఒకటి ఉంటుంది కదా, అది చేస్తుంది మా కంపెనీ. ఈ మధ్య టోక్యోలోని ఒక పెద్ద కంపెనీ ఏదో కొత్తరకం కళ్ళజోడు తెస్తోంది. అద్దంలోనే దారి కనిపిస్తుందట, వాతావరణం కనిపిస్తుందట. దాని బందు మాకిచ్చారు. డ్రాయింగులు పరమ రహస్యం. అందుకని ఒక్క డ్రాయింగు బయటికి పోవాలన్నా ముగ్గురు మనుషులు విడివిడిగా చూసి సరేననాలని షరతు పెట్టి, కంప్యూటర్లో దానికి తగిన ఏర్పాటు చేయించారు. రహస్యానికి మూడు తాళాలు, ఆ మూడు తాళంచెవులూ మూడు జేబుల్లో ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. మూడు జేబులూ నా ఏప్రనుకే ఉన్నాయని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఆ ఏర్పాటు జరిగిన రోజే ఓగిసో గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "యమగిషి గారూ, నాది మీరే ఏదో ఒకటి పెట్టేయండి. నాకు గుర్తుండి చావదు," అన్నారు. త్సుకుడా గారు దారిలోంచే, "నాది కూడా," అన్నారు. యజమాని గారైతే నా దాకా రానే లేదు. తలుపు సందులోంచి ఆయన గొంతు ఒక్కటే వచ్చింది. "అవన్నీ మా ఆఫీసు అమ్మాయి చూసుకుంటుందిలే." అమ్మాయికి అప్పటికి నలభై ఏడు నిండాయి.

పాస్‌వర్డు పొడవుగా ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి. మన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా చెల్లుతుంది. మొదటిసారి బుద్ధిగా వాళ్ళ పుట్టిన ఊళ్ళూ, కుక్కల పేర్లూ కలిపి పెట్టాను. మూడు నెలలు గడిచాక ఒకరోజు త్సుకుడా గారు తన కప్పు తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టి, "చల్లారిపోయింది, వేడిగా తే," అని వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే కంప్యూటరు ఆయన పాస్‌వర్డు మార్చమంది. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి: మీ టీ మీరే పెట్టుకోండి. తెర మీద పచ్చగీత ఒకటి ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగి, 'చాలా బలంగా ఉంది' అని రాసి చూపించింది. నా మాట బలంగా ఉందని ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఎవరైనా అనడం అదే మొదలు. ఆ తర్వాత నేను ఆగలేదు. పైకి అనలేని మాటలు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. మిగతావాళ్ళు దేవుడికి చెప్పుకుంటారు, నేను కంప్యూటరుకి చెప్పుకున్నాను. మూడు నెలలకోసారి మార్చమన్నా నాకు మాటల కరువు రాలేదు.

ముద్రల సంగతి కూడా చెప్పాలి. కాగితాల రోజుల్లో చిన్న ఉద్యోగి తన ముద్రని నిటారుగా వేసేవాడు కాదు. కొంచెం ఎడమకి వాల్చి వేసేవాడు. ఎడమ పక్క గడి పై అధికారిది కాబట్టి, ముద్ర ఆయనకి వంగి దండం పెడుతున్నట్టు ఉండాలి. ఆ పై అధికారి ముద్ర తన పై అధికారికి వంగాలి. ఎడమ చివర యజమాని ముద్ర ఒక్కటే నిటారుగా నిలబడుతుంది. కంప్యూటరు వస్తే ఈ దండాల గోల వదులుతుందనుకున్నాను. ఎక్కడ వదులుతుంది! ముద్రని తిప్పే బాణం గుర్తు కూడా పెట్టి మరీ అమ్మారు. "ఓగిసోది ఇంకాస్త వంచు, ఈమధ్య వాడికి పొగరెక్కువైంది," అని త్సుకుడా గారు చెబుతారు. "నాది మరీ వంచకండి, చూస్తేనే నడుం పట్టేసినట్టుంది," అని ఓగిసో గారు వచ్చి బతిమాలుకుంటారు. ఎవరెవరికి ఎంత వంగాలో అంతంత వంచి, కుడి చివర నా ముద్రని అందరికంటే ఎక్కువగా, ఇంచుమించు పడుకోబెట్టేదాన్ని. ఆ ఆఫీసులో దండాలన్నీ పెట్టేది నేనొక్కదాన్నే.

ఇదంతా నేను భరించేదాన్నేమో, నాకు కారు నడపడం నేర్చుకోవాలన్న కోరిక పుట్టకపోతే.

నేను ఒసాకాలో పుట్టి పెరిగాను. అక్కడ ఒక రైలు దిగితే ఇంకో రైలు. ఈ జిల్లాలో కారు లేకపోతే మనిషి గడప దాటనట్టే. పెళ్ళి కొత్తలో మా ఆయన నొరిహిరో, "నీకు లైసెన్సెందుకు? ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను తీసుకెళ్తాగా," అన్నారు. ఆ మాటకి నేను మురిసిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చాలా మురిసిపోయాను. ఇరవై రెండేళ్ళ తర్వాత లెక్క చూసుకుంటే, ఆయన వెళ్ళాలనుకున్న చోట్లన్నిటికీ నేను వెళ్ళాను. చేపల గాలాల దుకాణానికి వెళ్ళాను. టైర్ల దుకాణానికి వెళ్ళాను. జనవరిలో ఎచిజెన్ తీరం కొండల నిండా నార్సిసస్ పూలు పూస్తాయి, మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. ఏటా అడుగుతాను. "పూలకేం తొందర, వచ్చే ఏడూ పూస్తాయి," అంటారు. పూస్తూనే ఉన్నాయి పాపం.

మా అమ్మాయి కొతోనే కాలేజీలో చేరగానే, "ఈ కాలంలో ఆడపిల్లకి లైసెన్సు లేకపోతే ఎలా?" అని ఆ మనిషే డబ్బు కట్టి డ్రైవింగు శిబిరానికి పంపారు. అక్కడే ఉండి, అక్కడే తిని, రెండు వారాల్లో లైసెన్సు పరీక్షకి తయారై వస్తారు. తిరిగొచ్చి అది నన్ను ఒక్కసారి ఊరంతా తిప్పింది. దిగేటప్పుడు, "అమ్మా, నువ్వూ వెళ్ళు. ఏమీ లేదు, కాలితో తొక్కడమే," అంది. కాలితో తొక్కడం సంగతి ఏమోగానీ తొక్కించుకోవడం మాత్రం నాకు బాగా తెలుసు అనుకున్నాను, పైకి అనలేదు. రెండు వారాలు సెలవు కావాలని ఓగిసో గారిని అడిగాను.

"రెండు వారాలా! ఏమిటి, ప్రసవమా?" అని ఆయన నవ్వారు.

త్సుకుడా గారు నవ్వలేదు. ఆయన నిజంగానే కంగారు పడ్డారు. "అప్పుడు నా పాస్‌వర్డు ఎవరు కొడతారు?"

ఆ మాట అక్కడితో అయిపోయింది. ఆ మూడు నెలలకి ఓగిసో గారి పాస్‌వర్డు 'ఒక్కసారైనా ఫైలు చదవండి'గా మారింది.

ఫిబ్రవరి మొదట్లో టోక్యో కంపెనీ నుంచి తనిఖీకి మనిషి వచ్చింది. రహస్యాలు ఎలా కాపాడుతున్నామో చూసి, బాగుంటేనే వచ్చే ఏటికి పని ఇస్తారు. వచ్చింది ముప్ఫై దాటని మాకినో అనే అమ్మాయి. గుమ్మంలో గొడుగు మడత మీద మడత సరిచేసి కట్టిన తీరులోనే తెలిసిపోయింది, ఇది దేన్నీ వదిలే మనిషి కాదని. ముగ్గురు మగాళ్ళూ బల్లకి ఒక పక్క కూర్చున్నారు. నేను టీ ఇచ్చి, అలవాటు ప్రకారం తలుపు దగ్గర నిలబడ్డాను. మాకినో గారు కంప్యూటరు తెరిచి, లోపల నమోదైనవన్నీ చూస్తూ పోయింది. కాసేపటికి తలెత్తింది.

"త్సుకుడా గారూ, ఇక్కడ గోడ మీద కంపెనీ వార్తల్లో మీ ఫొటో ఉంది. ఆపరేషను తర్వాత కోలుకుని తిరిగొచ్చారని. ఏమైంది మీకు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "పిత్తాశయం తీసేశారండీ. ఇదిగో, ఇంత రాయి!"

"నవంబరు పద్నాలుగునే కదా?"

"అవును. తెల్లవారగానే తీసుకెళ్ళి మత్తు ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా నాకు ఒళ్ళు తెలీదు."

"ఆ రోజు ఉదయం మీరు నాలుగు డ్రాయింగులు పరిశీలించి ఆమోదించారు."

త్సుకుడా గారు కాసేపు ఆలోచించి, "నాకు పనంటే ప్రాణం," అన్నారు.

మాకినో గారు తెర మీద వరుసలు చూపించింది. మూడు ఆమోదాలూ ఒకే కంప్యూటరు నుంచి, ఒకదాని వెనక ఒకటి, రోజూ ఒకే వేళకి. ఓగిసో గారు ఒక్కసారిగా నావైపు తిరిగారు. "అది... యమగిషి గారు కాస్త చొరవ తీసుకుని..." యజమాని గారు తల ఊపారు. "అవునవును. అడక్కుండానే అన్నీ చేసేస్తుంది. మంచి పిల్లే, కాకపోతే..." ఇన్నాళ్ళూ పని చేసేటప్పుడు ఎవరికీ కనిపించని నేను, తప్పు దగ్గరికి వచ్చేసరికి గదిలో నిలువెత్తున ప్రత్యక్షమయ్యాను. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు గొంతు సన్నబడిపోతుంది.

"ఎవరు చెప్పారండీ మిమ్మల్ని ఇలా చేయమని?" అని మాకినో గారు నన్నే అడిగింది.

"ముగ్గురూ చెప్పారండీ," అన్నాను సన్నగా. "విడివిడిగా."

ఆ అమ్మాయి లేచి, మూలనున్న కుర్చీ తనే లాక్కొచ్చి బల్ల దగ్గర వేసి, "కూర్చోండి," అంది. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. బల్ల అంత ఎత్తుగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. "అయితే ఈ కంపెనీ అంతా మీరొక్కరే అన్నమాట," అంది మాకినో గారు.

"అబ్బే, ఏదో చేతనైనంత," అని తల వంచాను.

"పొగడ్త కాదండీ. ప్రమాదం. రేపు మిమ్మల్ని లారీ గుద్దితే ఈ కంపెనీ ఆగిపోతుంది. లేదూ, రేపు మీరే ఈ డ్రాయింగులన్నీ ఎవరికైనా అమ్ముకుంటే ఆపేవాళ్ళు లేరు."

యజమాని గారు పకపకా నవ్వారు. "యమగిషా? అమ్ముకోవడమా?" మిగతా ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. నన్ను దొంగగా ఊహించుకునేంత గౌరవం అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. నాకు ఆ అమ్మాయి మీద వల్లమాలిన అభిమానం కలిగింది.

మాకినో గారు నవ్వుల్ని చల్లారనిచ్చి చెప్పింది. ముఖ్యమైన పని ఏదైనా మొదటినుంచి చివరిదాకా ఒకే చేతిలో ఉండకూడదు. చేసేవాళ్ళు ఒకరైతే సరిచూసేవాళ్ళు వేరొకరు ఉండాలి, సరే అనేవాళ్ళు ఇంకొకరు. పెద్ద రహస్యమైతే సగం ఒకరికి, సగం మరొకరికి తెలియాలి. ఆ చేసే మనిషి ఎంత మంచిదన్నది అసలు ప్రశ్న కాదట. వింటూ వింటూ నేను మనసులోనే ఆఫీసులోంచి మా ఇంటికి వెళ్ళిపోయాను. మా ఇంట్లో వండేది నేనే, వడ్డించేది నేనే, కడిగేది నేనే. సరిచూడటానికి మాత్రం మనుషుల్ని చక్కగా పంచుకున్నాం. ఉప్పు మా ఆయన చూస్తారు, దుమ్ము మా అత్తయ్య చూస్తుంది. చెత్తలో కాలేదీ కాలనిదీ వేరు చేసేది నేను. అత్తయ్య బీపీ మాత్రలు, వీధి సంఘం చందా, స్నానాల తొట్టిలో నీళ్ళు కాచడం, అందరూ వరుసగా దిగి లేచాక ఆ చల్లారిన నీళ్ళలో ఆఖరున దిగడం, అన్నీ నావే. ఇదంతా నేను సంసారం అనుకుంటున్నాను. ఈ అమ్మాయి ఒక్క మాటలో దాన్ని ప్రమాదం అంది.

"ఇప్పుడు నా ఎదురుగా ముగ్గురూ ఎవరిది వాళ్ళు కొట్టి లోపలికి వెళ్ళి, పాస్‌వర్డు మార్చుకోండి," అంది మాకినో గారు.

ముగ్గురూ నావైపు చూశారు.

"మరి... పాతది ఏమిటి?" అన్నారు ఓగిసో గారు.

చెప్పకతప్పదు. నేను బల్ల వైపే చూస్తూ చెప్పాను. "ఒక్కసారైనా ఫైలు చదవండి."

"చదువుతాను సరే, ముందు పాస్‌వర్డు చెప్పండి."

"అదేనండీ."

ఓగిసో గారు ఎర్రబడిన ముఖంతో కొట్టారు. ఆయన వేగంగానే కొట్టారు, ఎవరూ చూడకుండా ఉండాలని. త్సుకుడా గారికి ఈ మూడు నెలలకీ మళ్ళీ ఆ పాత టీ మాటే పెట్టాను, పైగా ఆయనకి ఆ వేగం అదృష్టం కూడా లేదు. ఆయనకి ఒక్క వేలే తెలుసు. పైగా అక్షరం వెతుక్కుంటూ పైకి గొణగకపోతే వేలు కదలదు. "మీ... టీ... మీ... రే... పె... ట్టు..." అని ఆ మనిషి పలుకుతుంటే, డిజైను గదిలో పనిచేసే పిల్లలు కూడా చెవులు రిక్కించారు. మధ్యలో తప్పు కొట్టారు, మళ్ళీ మొదటినుంచి గొణిగారు. రెండోసారికి ఆఫీసు మొత్తానికి ఆ వాక్యం కంఠతా వచ్చేసింది.

చివరికి యజమాని గారు అద్దాలు తుడుచుకుని ముందుకి జరిగారు. "నాదేమిటమ్మా?" ఆయనకి కొంచెం సరదాగానే ఉన్నట్టుంది. మాకినో గారు ఓపిగ్గా చూస్తోంది. ఇక లాభం లేదని చెప్పేశాను. "నాకూ ఒక పేరుంది."

ఆయన నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది. కాసేపటికి వంగి, ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కారు. ఆయన కూడా గొణిగే మనిషే. "నా... కూ... ఒ... క... పే... రుం... ది." కంప్యూటరు ఆయన్ని లోపలికి రానిచ్చింది. ఆయన వెనక్కి వాలి, ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు నన్ను చూసి, "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అన్నారు.

"ఈ మూడు నెలలే ఇది. అంతకుముందు వేరేవి ఉండేవి," అన్నాను. ఆ వేరేవి ఆయన అడగలేదు.

మాకినో గారు దగ్గు వచ్చినట్టు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీర్పు చెప్పింది. పని పోదు, కాకపోతే రెండు షరతులు. ఎవరి ఆమోదం వాళ్ళే ఇవ్వాలి. ఇంతకాలం అన్నీ ఒక్కచేత్తో నడిపిన మనిషి వెంటనే వరుసగా రెండు వారాలు సెలవు మీద పోవాలి. ఆ రెండు వారాలూ ఆమె పనిని మిగతావాళ్ళే చెయ్యాలి, ఆమెకి ఫోను చెయ్యకూడదు. ఆమె దాచినదేమైనా ఉంటే అప్పుడే బయటపడుతుందట.

"రెండు వారాలా?" అన్నారు త్సుకుడా గారు నీరసంగా.

"తప్పదు. ఇది నియమం," అంది మాకినో గారు.

నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. లేచి ఎగిరితే బాగుండదు కదా.

అప్పటికప్పుడు కంప్యూటర్లోనే సెలవు అర్జీ పెట్టాను. కుడి చివర నా ముద్ర మామూలుగానే వంచి వేశాను, అలవాటు ఎక్కడికి పోతుంది. ఓగిసో గారు తనది తలకిందులుగా వేశారు. త్సుకుడా గారిది గడి దాటి పక్క గడిలో సగం కూర్చుంది. యజమాని గారు, "ఈ బాణం ఎటు తిప్పాలి?" అని తనలో తను అనుకుంటూ నొక్కారు. ఆయన ముద్ర కుడివైపుకి బాగా వాలిపోయి పడింది.

త్సుకుడా గారు హడలిపోయారు. "అయ్యయ్యో, తిరగబడింది! అది యమగిషికి దండం పెడుతోందండీ! చెరిపేసి మళ్ళీ వెయ్యండి!"

యజమాని గారు తెరని కాసేపు చూశారు. "ఉండనీ," అన్నారు. "యమగిషి సావాకో గారి అర్జీయే కదా." తెలిసి వేశారో తెలియక వేశారో ఇప్పటికీ నాకు తెలియదు. అడగాలనీ లేదు.

గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ మాకినో గారు నా చెవిలో చెప్పింది. "నివేదికలో రాయలేను గానీ, పాస్‌వర్డుల బలం విషయంలో మీకు పూర్తి మార్కులు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు తిరగబడింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, ముల్లంగి తురుము వేసిన సోబా నూడుల్సు అందరి ముందూ పెట్టి అడిగాను. "రేపు నన్ను లారీ గుద్దితే మీరేం చేస్తారు?"

మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఏ రోజు?" అన్నారు.

"రోజుదేముంది?"

"మంగళవారమైతే చెత్త పెట్టాలి కదా."

అత్తయ్య సోబా జుర్రుకుంటూ, "పోయేముందు రైస్ కుక్కరు టైమరు పెట్టి పో," అంది.

ఇక్కడ ఒక సంగతి. మా ఆయనా అత్తయ్యా నేరుగా మాట్లాడుకోరు. తొమ్మిదేళ్ళ క్రితం ఆయన కొత్త కారు నిలపడానికి చోటు చాలక, మామయ్యగారు నాటిన పెర్సిమన్ చెట్టు కొట్టించేశారు. ఆ రోజు నుంచి అత్తయ్య కొడుకుతో చెప్పదల్చుకున్నదంతా నాతో చెబుతుంది, ఆయన మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే. "నీ మొగుడితో చెప్పు, నీళ్ళు కాగాయని." "మా అమ్మతో చెప్పు, తర్వాత దిగుతానని." ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కూడా ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో ఆమె, దుబాసీగా నేను. "ఎడమకి తిప్పమను." "నాకు తెలుసులెమ్మను." తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న పనుల్లో అన్నిటికంటే బరువైంది ఇదేనని, పని అని కూడా లెక్కకి రానిది ఇదేనని, ఆ సాయంత్రమే నాకు తట్టింది.

శిబిరం సంగతి చెప్పాను. ఇద్దరూ చాప్‌స్టిక్స్ కింద పెట్టారు.

"నీకు లైసెన్సెందుకు? నేను తీసుకెళ్తాగా," అన్నారు ఆయన.

"నార్సిసస్ పూల దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

"పూలకేం తొందర..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"నీ మొగుణ్ణి అడుగు, పెళ్ళాన్ని పంపడానికి ఒప్పుకున్నాడా అని," అంది అత్తయ్య.

"మా అమ్మతో చెప్పు, నేనింకా ఏమీ అనలేదని."

"మీ ఇద్దరూ ఏమీ అనక్కర్లేదు," అన్నాను. ఈసారి గొంతు సన్నబడలేదు. "ముద్రలు పడిపోయాయి. ఇది నియమం."

వెళ్ళేలోగా పనులు పంచాను. చెత్త వేరు చేసేది అత్తయ్య, తీసుకెళ్ళి పెట్టేది ఆయన. బియ్యం కడిగేది ఆయన, కుక్కరు మీట నొక్కేది అత్తయ్య. మాత్రలు వేసుకునేది ఆమె, వేసుకుందా అని చూసేది ఆయన. ఇక ఇంట్లో ఇంటర్నెట్టు మిగిలింది. ఆయన బేస్‌బాల్ కబుర్లూ అత్తయ్య కత్తియుద్ధాల సీరియళ్ళూ వచ్చేది దాని మీదే. బయల్దేరే రోజు ఉదయం దాని పాస్‌వర్డు మార్చి, సగం ఆయన చెవిలో చెప్పాను, మిగతా సగం అత్తయ్య చెవిలో. రెండు సగాలూ కలిపి కొడితేనే పనిచేస్తుందని ఇద్దరికీ చెప్పాను. తన సగం విని ఆయన కొంచెం మెత్తబడ్డారు కూడా. "అలాగేలే. జాగ్రత్తగా వెళ్ళు," అన్నారు.

శిబిరం షిమానేలో, సముద్రం ఒడ్డున. గదిలో నాతోపాటు ముగ్గురు పందొమ్మిదేళ్ళ పిల్లలు. వాళ్ళు నన్ను సావాకో గారూ అని పిలుస్తారు. మొదటి సాయంత్రం ఆ పిల్లలు ఫోన్లలో మునిగి ఉండగా, పెద్ద స్నానాల గదికి నేనే ముందు వెళ్ళాను. ఇంకా ఎవరూ దిగని నీళ్ళు, పొగలు కక్కుతున్నాయి. గొంతుదాకా దిగి కూర్చున్నాను. ఎందుకో ఏడుపొచ్చింది. అంత వేడిగా ఉంటాయని మర్చిపోయాను.

రెండు రోజులు ఇంటి నుంచి ఒక్క ఫోను లేదు. మూడో రోజు ఆదివారం. ఉదయం మొదటిసారి శిబిరం మైదానంలో కారు నడిపిస్తామన్నారు. మాస్టారు కిషిబే గారు కారు చుట్టూ తిరిగి చూస్తున్నారు. ఆ కారులో ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది చూసి మాకినో గారు గుర్తొచ్చింది. అప్పుడే ఫోను మోగింది.

"సావాకో, ఆ పాస్‌వర్డు మొత్తం చెప్పు," అన్నారు మా ఆయన. రెండు రోజులు బేస్‌బాల్ లేని గొంతు అది.

"మీ సగం మీ దగ్గరుందిగా. మిగతాది అత్తయ్యని అడగండి."

"నువ్వే అడిగి చెప్పు."

"నేను షిమానేలో ఉన్నానండీ."

అవతల ఎక్కడో కుక్కరు కూస్తోంది. తర్వాత నాకు కాకుండా, పక్కకి తిరిగి, ఆయన అన్నారు. "అమ్మా."

ఎంతసేపటికో వచ్చింది అత్తయ్య గొంతు. "ఏంట్రా?"

"నీ సగం ఏమిటి?"

"ముందు నీది చెప్పు."

"నాది 'తిరిగొస్తాను'."

"నాది దానికి ముందు వస్తుందట. 'మనసైతే'."

ఆయన కొడుతున్న చప్పుడు వినిపించింది. చిన్నగా, అక్షరం అక్షరం, ఆయన కూడా గొణుగుతూనే కొట్టారు. మనసైతే తిరిగొస్తాను. పనిచేసినట్టుంది, టీవీలో కత్తుల చప్పుడు మొదలైంది. అత్తయ్యే ముందు తేరుకుంది. "ఒరేయ్, అడుగు దాన్ని," అంది. నీ పెళ్ళాన్ని అడగమని నేరుగా కొడుక్కే చెప్పింది.

"సావాకో," అన్నారు ఆయన. "మనసవుతుందా?"

రెండు వారాలు కాగానే వస్తాను కాదూ, ఇంకెక్కడికి పోతాను అని అనబోయి ఆగాను. నాకు మనసవుతుందో లేదో నాకు నిజంగా తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు.

"చూసుకుని చెప్తానండీ," అని ఫోను కట్టేసి సంచిలో వేశాను.

కారెక్కి కూర్చున్నాను. నాకంటే ముందు ఎవరో పొడుగు మనిషి నడిపినట్టుంది, కాళ్ళు అందలేదు. సీటు కింద మీట ఎక్కడుందో వెతికి పట్టుకుని, నా కాళ్ళకి సరిపోయేదాకా ముందుకి జరుపుకున్నాను.